స్థిరాశ్వ విజయం

స్వస్తిశ్రీ. ఆషాఢం వచ్చింది. భాగ్యనగరంలో మ్యాన్‌హోళ్ళు నోళ్ళు తెరిచాయి. రోడ్డు మీది గుంతలు నిండి సప్తసముద్రాలయ్యాయి. ఏది ఎంత లోతో వరుణదేవుడికే ఎరుక. ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి ఉంది, ఎండావానా తగలకుండా సౌర పలకల పందిరీ ఉంది. కానీ పందిరి కిందికి చేరేదాకా తడవక తప్పదు కదా! అందుచేత మన కథానాయకుడు, సాఫ్ట్‌వేరు వంశ తిలకుడు, ఆదివారాల్లో అనంతగిరి కొండలెక్కే అసహాయ శూరుడు, దిగ్విజయ యాత్రను పడకగదికి మార్చాడు.

అశ్వమేధం తలపెట్టిన రాజు గుర్రాన్ని ఏడాదిపాటు వదిలేస్తాడు. అది తిరిగిన నేలంతా అతడిది. ఇక్కడి గుర్రం, అంటే వ్యాయామ సైకిలు, కదలదు. బీరువాకీ బాల్కనీ తలుపుకీ మధ్యనున్న జాగాయే జయించగల రాజ్యం.

ఇక అశ్వ వర్ణన. వెనుక చక్రం లేదు. ముందుదుంది గానీ నేల తాకదు. బరువైన ఇనుప బిళ్ళ అది. ఫ్రీవీలు లేదు కనుక రౌతు ఆగినా గుర్రం ఆగదు, అతడి కాళ్ళనే తిప్పుకుంటూ పోతుంది. మోకాళ్ళకు కాస్త పైన ఒక ఎర్రటి మర. దాన్ని కుడికి తిప్పితే అయస్కాంతాలు బిళ్ళ దగ్గరికి జరుగుతాయి. అంటవు, రాసుకోవు, తిరిగే లోహంలో పుట్టిన సుడి విద్యుత్తే బిళ్ళను వెనక్కి పట్టి లాగుతుంది. గచ్చు మీద అక్కడికక్కడే శ్రీశైలం ఘాట్ లేచి నిలబడుతుంది. పూర్వం వింధ్యుణ్ణి వంచడానికి అగస్త్యుడు రావలసి వచ్చింది. ఇప్పుడు మర ఎడమకు తిప్పితే చాలు.

ఎదురుగా ఫోను తెరలో జ్విఫ్ట్ అనే సైకిలు యాప్ వారి మాయాపర్వతం. ఫ్రాన్సులోని ఆల్ప్ ద్యుయెజ్‌ను చూసి కట్టింది, అవే 21 మలుపులు. ఖరీదైన యంత్రమైతే వాలును బట్టి తానే బిగుసుకునేది. ఇది అంతటిది కాదు. తెర మీద కొండ నిటారుగా లేచినప్పుడల్లా రౌతే తన చేత్తో మర బిగించుకోవాలి. ఇక్కడుంది ధర్మసూక్ష్మం. చూసేవాడు లేడు, అడిగేవాడు లేడు. కురుక్షేత్రంలో ధర్మరాజంతటివాడే ఒక్క మాట గొంతు తగ్గించి అన్నాడు. మనవాడు అరచుట్టు తగ్గించాడు.

"ఒరేయ్, గ్యాసు బండ వచ్చింది, దిగు!" అని వంటింట్లోంచి మాతృవాక్యం.

"ఉండమ్మా, కొండ మీదున్నా!"

"ఏ కొండరా? మంచం పక్కనే ఉన్నావు కదా."

ప్రబంధానికి అష్టాదశ వర్ణనలుండాలంటారు. అన్నీ ఇక్కడ కుదరవు గానీ జలక్రీడకు మాత్రం లోటు లేదు. పెడలు మీద 150 వాట్ల బలం పడాలంటే ఒంట్లో 450 నుంచి 600 వాట్ల వేడి పుడుతుంది. రోడ్డు మీదైతే ఎదురుగాలి దాన్ని ఎత్తుకుపోతుంది. మూసిన గదిలో ఎవరెత్తుకుపోతారు? నుదుట పుట్టిన ధార ముక్కు శిఖరాన ఒక్క క్షణం తటపటాయించి, హ్యాండిల్ మీదికి దూకి, బోల్టు పక్క సందులోకి అంతర్వాహినిగా వెళ్ళిపోతుంది. కాసేపటికి రబ్బరు చాప మీద త్రివేణీ సంగమం.

దీన్ని చూసి నవ్వేవారికి ఒక పురాణం చెప్పాలి. ఆస్ట్రేలియా వీరుడు మాథ్యూ హేమన్ 2016లో చెయ్యి విరగ్గొట్టుకుని, రోడ్డెక్కలేక, ఇంట్లో నిలబెట్టిన సైకిలు మీదే వారాల తరబడి తపస్సు చేశాడు. ఆ ఏప్రిల్‌లోనే ప్యారిస్–రూబే రాళ్ళ బాటల పందెంలో 250 కిలోమీటర్లకు పైగా తొక్కి, నాలుగుసార్లు గెలిచిన టామ్ బూనెన్‌ను ఆఖరి పరుగులో ఓడించాడు. కాబట్టి గదిలోని తపస్సు వృథా కాదు. నన్నడిగితే, గుండెకూ తొడలకూ ఈ గంట రోడ్డు మీది గంటకన్నా కఠినం. ఎర్ర సిగ్నలు లేదు, దిగుడు లేదు, చాయ్ కొట్టు లేదు, తొక్కుడే తొక్కుడు. సీటు అటూ ఇటూ ఊగదు కనుక పిరుదుల మొర వేరే కాండం.

అయితే గుర్రం నేర్పనివీ ఉన్నాయి. తూగు నేర్పదు. తడి మలుపులో ఒరగడం నేర్పదు. రాంగ్ రూటులో వచ్చే బుల్లెట్టు బండికీ నీళ్ళ ట్యాంకరుకీ మధ్య నుంచి సూదిలో దారంలా దూరడం అసలే నేర్పదు. మీటరు మీద ఇరవై కిలోమీటర్లు చూపి, వీరుణ్ణి బయల్దేరిన చోటే దింపుతుంది. గ్యాసు బండ కూడా అతడే మోయాలి.

ఫలశ్రుతి: ఈ అశ్వాన్ని కొనదలచిన పుణ్యాత్ములారా, ముందు మంచి ఫ్యాను కొనండి, అది ఛాతీకి ఎదురుగా ఉండాలి. హ్యాండిల్ మీద తువ్వాలు పరవండి. దిగగానే బండిని తుడవండి. చెమటలోని ఉప్పుకు బోల్టులు తుప్పు పడతాయి. వాన వెలిసిన ఆదివారం మాత్రం అసలు సైకిలే తీయండి, బ్రేకులు చూసుకుని మరీ.