సెన్సరు కళ్లకు గంతలు

మా రోజుల్లో పవర్ ప్రెస్‌కు సెన్సరూ లేదు, గాడిదగుడ్డూ లేదు. బాలానగర్ షెడ్లలో ఉన్నవన్నీ కాలి పెడల్ మిషన్లే. రేకుముక్క డై మీద పెట్టడం, చెయ్యి లాక్కోవడం, తొక్కడం. చెయ్యి ఒక్క క్షణం వెనకబడిందా, అంతే సంగతులు. క్లచ్ కీ ఒకసారి పట్టుకుందంటే ర్యామ్ కిందికి దిగి పైకి పోయేదాకా దాన్ని ఆపే మొనగాడు లేడు. కీ అరిగినా, స్ప్రింగు తెగినా తొక్కకుండానే రెండో దెబ్బ పడేది. అందుకే మా మేస్త్రీ పొద్దున్నే ఖాళీ మిషన్ తొక్కి, చెవి ఒగ్గి చప్పుడు విని, అప్పుడుగానీ ముక్క పెట్టనిచ్చేవాడు కాదు. చేత్తో ముక్క తీస్తూ దొరికితే పట్టకారుతో ఒక్కటి తగిలించేవాడు. ఆ బూతులు ఇక్కడ రాయకూడదు లెండి.

అదేమన్నా స్వర్ణయుగమా అంటే కాదు. టీ గ్లాసు పట్టుకున్న చెయ్యి చూసి వీడు ప్రెస్సువాడని చెప్పేసేవాళ్లం.

ఇప్పుడు రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేగానీ కదలని మిషన్లొచ్చాయి. చెయ్యి అడ్డొస్తే ఆగిపోయే లైట్ కర్టెన్లొచ్చాయి. మొన్న జీడిమెట్లలో మనవడి వరసవాడి షెడ్డుకెళ్లి చూద్దును గదా, ఒక బటన్ మీద చెక్కముక్క అదిమి టేపు చుట్టేశారు. ఖాళీ అయిన చేత్తో కుర్రాడు ముక్క సర్దుతున్నాడు. సెన్సరుకు బైపాస్. ఇదేమిట్రా అంటే, "టార్గెట్ ఉంటది తాతా, అది మాటిమాటికి ఆగుతది" అన్నాడు మావాడు. ఆగడానికే కదరా పెట్టింది!

ఆ కుర్రాడిది బీహార్. పన్నెండు గంటల డ్యూటీ. హాజరు కాంట్రాక్టర్ ఫోన్లో ఉంటుందట. మా సేఠ్ మూలుగుతూనైనా మా పేర్లు రిజిస్టర్లో రాసేవాడు, రాయకపోతే యూనియన్‌వాళ్లు గేటు దగ్గర కూర్చునేవాళ్లు. వేలు తెగితే ఇద్దరం ఆటోలో సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆస్పత్రికి తీసుకుపోతే, మూడోవాడు ప్రమాదం రిపోర్టు రాయించేదాకా ఆఫీసులోంచి కదిలేవాడు కాదు. ఇప్పుడు ఆటో అటు తిరగదు. తెలిసిన డాక్టరు, నాలుగు కుట్లు, కాస్త నగదు, రైలు టికెట్, పోతూపోతూ తెల్లకాగితం మీద వేలిముద్ర. ఉన్న వేలితోనే!

హక్కు వదులుకున్నానని ఎన్ని రాయించుకున్నా చెల్లదని 1923 నాటి నష్టపరిహార చట్టమే చెప్పింది. అందులో వేలివేలికీ లెక్కుంది. బొటనవేలు మొత్తం పోతే సంపాదన శక్తిలో 30 శాతం పోయినట్టు, చూపుడువేలికి 14, మధ్యవేలికి 12, ఉంగరపువేలికో చిటికెనవేలికో అయితే 7. ఈఎస్‌ఐ ఉంటే ఆ లెక్కన నెలనెలా వస్తుంది, లేకపోతే యజమాని ఒక్కసారే కట్టాలి. పాతికేళ్లవాడికి, జీతం 15,000 అనుకుంటే, చూపుడువేలికి 2,73,000 పైచిలుకు. వాడి చేతిలో పెట్టేది ఎంతో మీరే అడిగి చూడండి. కాంట్రాక్టర్ మనిషనీ తప్పించుకోలేరు. అసలు యజమాని కట్టి, ఆనక కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవాలి. నెల దాటితే 12 శాతం వడ్డీ. "మిషన్ గార్డు నువ్వే తీశావు" అని బెదిరిస్తారు. కావాలని తనంతట తాను తీశాడని రుజువు చెయ్యాల్సింది యజమానే. మేస్త్రీ కళ్లెదుటే టేపు చుట్టిన చోట ఏం రుజువు చేస్తాడో!

ఇప్పుడా చట్టాన్నీ ఫ్యాక్టరీల చట్టాన్నీ 2020 కార్మిక కోడ్‌లలోకి చేర్చారు. కరెంటుతో నడిచేచోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ అనే లెక్కను ఇరవైకి పెంచారు. ప్రెస్ షెడ్డులో ఇరవైమంది ఎక్కడుంటారండీ? మావాడి దగ్గర ఉన్నది పద్నాలుగుమంది. ఇన్‌స్పెక్టర్ బెడద తప్పిందని వాడికి పండగ. స్వీటు పెట్టబోయాడు, షుగరుందని చెప్పి వచ్చేశాను.