గొంతు చించుకుంటే పాట రాదు

పాడే పిల్లలకు సికింద్రాబాద్‌లోని మా బౌద్ధనగర్‌లో సలహాలకు కొదవలేదు. బతుకమ్మ ముందు డాబాల మీద పాటలు నేర్చుకునే ఆడపిల్లలకు పక్కింటి పెద్దమ్మలు చెబుతారు. ఉస్మానియా యూనివర్సిటీలో డప్పు పట్టుకుని పాడే తమ్ముళ్లకు సీనియర్ అన్నలు చెబుతారు. అందరూ ప్రేమతోనే చెబుతారు. ఆ ప్రేమలోనే కొన్ని గొంతులు పాడవుతున్నాయి.

అన్నిటికన్నా చెడ్డ సలహా ఇది: "గొంతు పగిలేదాకా పాడు, పగిలితేనే విచ్చుకుంటది." పగిలిన గొంతు విచ్చుకోదు, వాస్తుంది. స్వరతంత్రులు మగవాళ్లకైనా సుమారు రెండు సెంటీమీటర్ల పొడవే. ఒకటో శ్రుతిలో తారస్థాయి షడ్జం పట్టినప్పుడు అవి సెకనుకు దాదాపు 260 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. సినిమా రికార్డులో ఉందని నాలుగో శ్రుతికి ఎక్కిస్తే 350 సార్లు. రోజూ బలవంతంగా అలా పాడితే, దెబ్బ ఎక్కువగా పడే నడిమి భాగంలో బుడిపెలు లేస్తాయి.

కాబట్టి "ఫలానా ఆయన శ్రుతిలోనే పాడాలి" అన్న మాటను చెవిన పెట్టకండి. మంద్ర పంచమం నుంచి తార మధ్యమం దాకా అద్దం ముందు పాడి చూసుకోండి. పైకి పోయేకొద్దీ గడ్డం లేస్తోందా, మెడ నరాలు ఉబ్బుతున్నాయా? అయితే అది మీ శ్రుతి కాదు. ఒక మెట్టు దించండి. దించితే పాట చిన్నబోదు.

"జనం ఎక్కువైతే గొంతు పెంచు" అనేది ఉస్మానియా క్యాంపస్ సలహా. ఇక్కడ పాటకు పెద్ద చరిత్రే ఉంది. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా విద్యార్థులను బయటికి పంపారు. 2010 జనవరి 3న తెలంగాణ ఉద్యమంలో విద్యార్థి గర్జన జరిగిందీ ఇక్కడే. ఆరుబయట, హోరులో పాడటం ఈ నేలకు అలవాటు. కానీ తన గొంతు తనకు వినబడకపోతే ఎంతటి గాయకుడైనా తెలియకుండానే అరుస్తాడు. ఒక స్పీకరును మీవైపు తిప్పించుకోండి. డప్పుల పక్కనుంచి నాలుగడుగులు జరగండి. నిర్వాహకులు విసుక్కున్నా సరే, అడిగి చేయించుకోండి.

ఇక ఇంటి చిట్కాలు. తేనె, మిరియాలు, నెయ్యి స్వరతంత్రులను తాకవు, అన్నవాహికలోకి పోతాయి. నోటికి హాయిగా ఉంటే తీసుకోండి, మందని మాత్రం నమ్మకండి. చల్లనీళ్లూ తంత్రులను తాకవు. ఆవిరి అక్కడిదాకా చేరుతుంది. బొంగురుపోయినప్పుడు గుసగుసగా మాట్లాడమంటారు, బిగబట్టి గుసగుసలాడితే శ్రమ ఇంకా పెరగొచ్చు. మౌనం మేలు. మాట్లాడక తప్పకపోతే మామూలు గొంతుతో, మెల్లగా మాట్లాడండి. మాటిమాటికీ ఖాకరించే బదులు ఒక గుక్క నీళ్లు మింగండి.

ఎవరూ చెప్పని సలహా ఒకటుంది. కొట్టేముందు డప్పుకు మంట సెగ చూపిస్తారు కదా, ఆ ఓపిక గొంతు మీదా చూపించాలి. సగం గ్లాసు నీళ్లలో స్ట్రా కొనను రెండు వేళ్ల లోతున ముంచి, "ఊ" అంటూ ఊదండి. బుడగలు తెగకుండా రావాలి. తర్వాత అదే "ఊ"ను కింది స్థాయి నుంచి పైకి, పైనుంచి కిందికి జారనివ్వండి. నీళ్లు వెనక్కి నెట్టే ఒత్తిడి వల్ల తంత్రులు గట్టిగా కొట్టుకోకుండానే కంపిస్తాయి. బుగ్గలు, పెదవులు జివ్వుమంటాయి. ఐదు నిమిషాలు చాలు. సరళీ స్వరాలైనా, జానపదమైనా ఆ తర్వాతే ఎత్తుకోండి.

మూడు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే ఇంటి వైద్యం ఆపేయండి. కోఠీలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. పాడతానని ముందే చెప్పి, స్వరతంత్రులను చూడమని అడగండి. బుడిపెలని తేలినా "ఆపరేషనే" అని బెదిరించే బంధువుల మాట వినకండి. సాధారణంగా మొదట చేసేది గొంతుకు విశ్రాంతి, స్పీచ్ థెరపీ. ఆ రెంటితోనే చాలామందికి నయమవుతుంది. పాటల పోటీ ఆ విశ్రాంతి రోజుల్లోనే ఉంటే పేరు వెనక్కి తీసుకోండి.