స్టేషన్ లేని స్టేషన్ రోడ్డు

మన రైల్వేవాళ్లలో ఒక నిజాయితీ ఉంది. స్టేషన్ పేరు చివర ‘రోడ్డు’ అని తగిలించారంటే, ‘నాయనా, ఊరు ఇక్కడ లేదు, దిగి దారి పట్టుకో’ అని ముందే చెప్పేసినట్టు. మంత్రాలయం రోడ్డులో దిగినవాడికి రాఘవేంద్రస్వామి కంటే ముందు ఆటోవాళ్ల దర్శనం అవుతుంది. మఠం చేరాలంటే పది కిలోమీటర్లు దాటి పోవాల్సిందే. ఆ నిజాయితీని తిరగేసి కుట్టిస్తే మా వెంచరు తయారవుతుంది. అక్కడ నలభై అడుగుల స్టేషన్ రోడ్డు ఉంది. స్టేషనే లేదు.

మాది హాలహర్వి. రైలెక్కాలంటే ఆదోనికో గుంతకల్లుకో బస్సు పట్టుకోవాలి. అందుకేనేమో, రైలు పేరెత్తితే మాకు కొంచెం మెతకదనం. పదమూడేళ్ల కిందట ఆ మెతకదనం మీదే ఒక ఏజెంటు వేలు పెట్టాడు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో ఒక నల్లరేగడి చేనికి మమ్మల్ని నలభై మందిని బస్సులో తీసుకుపోయి, షామియానా కింద బిర్యానీ పెట్టి, చేతికి బ్రోచరు ఇచ్చాడు. కంపెనీ పేరు చెప్పను. చెప్పినా మీకు కొత్తగా ఉండదు. ఒక దేవుడి పేరు, ఒక ‘గ్రీన్’, ఒక ‘సిటీ’ - ఈ మూడు ముక్కల్నీ ఏ వరసలో పేర్చినా ఏదో ఒక వెంచరు తగులుతుంది.

బ్రోచర్లో లేనిది లేదు. ఫౌంటెను, క్లబ్బు హౌసు, పిల్లలకు పార్కు, పెద్దలకు నడకదారి. ఎండాకాలం బిందెలు వరసలో పెట్టుకుని ట్యాంకరు కోసం కాచుకునే సీమలో ఈతకొలను. అన్నిటికంటే ముఖ్యమైనది మూడో పేజీలోని పటం. అందులో మా ప్లాట్ల పక్కనుంచే ఎర్రటి చుక్కల గీత ఒకటి పోతూ ఉంది. దాని మీద బొమ్మ ఇంజను, ఇంజను మీద పొగ. కింద చీమ తలకాయంత అక్షరాల్లో ‘ప్రతిపాదిత రైల్వే లైను’.

‘‘అన్నా, రైలొచ్చినాక ఈ పక్కకు చూడలేరు. సెంటు పదింతలైతాది’’ అన్నాడు ఏజెంటు.

‘‘ఎప్పుడొస్తాది?’’ అన్నాను.

‘‘సర్వే అయిపాయె గదన్నా!’’

అబద్ధం కాదు. మా పక్క సర్వే అయిపోవడం ఏటా వచ్చే జాతర లాంటిది. కర్నూలు–మంత్రాలయం రైలు మాట మా నాయన కాలం నుంచీ వింటున్నాను. ఎన్నికలు దగ్గరపడితే సర్వే, బడ్జెట్టు దగ్గరపడితే సర్వే. వచ్చిన సర్వేయర్లకు మా నాయన మజ్జిగ పోశాడు, నేను టీ పోశాను. నా కొడుకు ఏ కూల్‌డ్రింకు పోస్తాడో చూడాలి. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమని పెద్దలు నవ్వుకునేవారు. ఇప్పుడైతే ఆ సోమలింగం పేరుమీద ప్లాటు రిజిస్ట్రేషన్ కూడా చేసి ఇస్తున్నారు.

పోనీ, మంజూరైన లైనైనా పరుగెత్తుకుని వస్తుందా అంటే, పక్కనే నంద్యాల–ఎర్రగుంట్ల సాక్ష్యం ఉంది. 123 కిలోమీటర్లు. 1996–97లో మంజూరైంది, రైలు కూత పెట్టింది 2016లో. ఏడాదికి ఆరు కిలోమీటర్ల చిల్లర. నత్తకు ఈ సంగతి తెలిస్తే గర్వంతో కొమ్ములు ఇంకా పైకెత్తేది. అది మంజూరైన లైను. మాది చుక్కల లైను. చుక్కల గీత గొప్పతనం ఏమిటంటే దానికి భూసేకరణ అక్కర్లేదు, వంతెన అక్కర్లేదు, టెండరు అక్కర్లేదు. ఎర్ర సిరా చాలు. మా ఆడవాళ్లు వాకిట్లో చుక్కలు పెడితే, తెల్లారేలోపు వాటిని కలిపే లేస్తారు. ఈ చుక్కలు మాత్రం పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

బిర్యానీ అరిగింది. నా ప్లాటు నంబరు నలభై ఏడు.

ఆ తరవాత వెంచరుకు పట్టిన గతి వేరే చెప్పాలా? ఆర్చి నిలిచింది, ఎందుకంటే అది మా అడ్వాన్సులతో కట్టింది. ఫౌంటెను గుంతలో వానాకాలం కప్పలు, ఎండాకాలం బీరు సీసాలు. హద్దురాళ్లలో సగం చుట్టుపక్కల ఇళ్లకు చాకిరేవు బండలయ్యాయి. స్టేషన్ రోడ్డు మీద సర్కారుతుమ్మ లేచింది. కంపెనీ ఆఫీసుకు తాళం పడింది, దాని ఫోను నంబరు ఇంకెవరి చేతికో పోయింది. ఆయన పాపం సెకండ్‌హ్యాండు ట్రాక్టర్లు అమ్ముకుంటాడు. మా నలభై మంది తిట్లూ ఆయనే మోశాడు.

ఇదేదో మా చేనుకే పట్టిన దరిద్రం అనుకోకండి. టర్కీలో బుర్జ్ అల్ బాబాస్ అని ఒకటుంది. ఫ్రెంచి రాజుల కోటల్లా, ఒకే అచ్చులో పోసినట్టు వందలాది భవంతులు కట్టారు. 2018లో కంపెనీ దివాలా తీసింది. రాజులు రాలేదు, కోటలు మాత్రం వరసగా నిలబడి ఉన్నాయి. లండన్ కథ ఇంకో రకం. అక్కడ మెట్రోపాలిటన్ రైల్వేవాళ్లు ముందు పట్టాలు వేశారు, తరవాత దారి పక్కన ఇళ్లు అమ్మారు, 1915లో దానికి ‘మెట్రోల్యాండ్’ అని పేరు పెట్టారు. తెల్లవాడికి వ్యాపారం తెలియదు. రైలు నడిపి మరీ ప్లాట్లు అమ్మాడు! బొమ్మ వేసి అమ్మొచ్చని ఎవరూ చెప్పలేదు కాబోలు.

అయినా నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాల్సింది మోసపోయినందుకు కాదు, లెక్క చూడనందుకు. ఆదోనికి రైలొచ్చి నూటయాభై ఏళ్లు దాటింది. మద్రాసు వైపు నుంచీ బొంబాయి వైపు నుంచీ వేసిన పట్టాలు 1871లో రాయచూరులో కలిశాయి. ఆ దారి మీదే మా ఆదోని, కోసిగి. పత్తి బేళ్లు ఎక్కాయి, ఆదోనికి ‘రెండో ముంబై’ అని పేరొచ్చింది. ఎమ్మిగనూరుకు మాత్రం ఈనాటికీ స్టేషన్ లేదు. అక్కడ 1938లో మాచాని సోమప్ప నేతగాళ్లను కూడగట్టి సహకార సంఘం పెట్టారు. మగ్గం ఆడింది, ఊరు పెరిగింది. పని ఉన్నచోటికి మనుషులు వస్తారు. రైలుదేముంది? పని ఉంటే మనుషుల్ని దించుతుంది, లేకపోతే ఎక్కించుకుని పోతుంది.

మా పక్క అది చేసేది ఎక్కువగా రెండోదే. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు చివరి చేలకు ఏ ఏడాదీ నికరంగా అందవు. వాన ముఖం చాటేసిందంటే పల్లెలు పల్లెలే సుగ్గికి పోతాయి. గుంటూరు పక్క మిరపకోతకు, తెలంగాణ పక్క పత్తితీతకు. ఇంటికి తాళం, ముసలోళ్లకు పిండి, పిల్లల బడికి నామం. బండ్లలో కిక్కిరిసి పోయేవాళ్లు పోతారు, రైలెక్కేవాళ్లు గుంతకల్లులో ఎక్కుతారు. గుంతకల్లు నుంచి గుంటూరుకు పోయే ఒక రైలు పేరు అమరావతి ఎక్స్‌ప్రెస్. రాజధాని అమరావతి ఇంకా ఎవరి కలలోకీ రాకముందు నుంచే అది నడుస్తోంది. అమరావతికి పట్టాలు లేని రోజుల్లోనే ఆ పేరుతో మా కూలీల్ని మోసింది. దేశంలో మొట్టమొదటి చుక్కల రైలు అదేనని నా అనుమానం.

అమరావతి మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పుకుందాం. బ్రోచర్లన్నిటికీ తాత అది. 33 వేల ఎకరాలకు పైగా భూమి రైతులు ఇచ్చారు. సింగపూరు ప్రణాళిక గీసింది. 2015 అక్టోబరు 22న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట పుట్టింది. కట్టిన మొండి గోడల చుట్టూ కంప పెరిగింది. భూములిచ్చిన రైతులు పదహారు వందల రోజులకు పైగా శిబిరాల్లో కూర్చున్నారు. ఆ ‘మూడు’లో ఒకటి మాకు రాసిచ్చారు: కర్నూలుకు హైకోర్టు. కోర్టు రాలేదు గానీ, వస్తుందన్న ఆ కొన్నాళ్లు మా ఏజెంటు మళ్లీ ఫోను ఎత్తాడు!

2023 మే 26న అదే అమరావతిలో సుమారు యాభై వేల మంది బయటి పేదలకు సెంటు స్థలాల పట్టాలిచ్చారు. ఆగస్టులో హైకోర్టు ఆ ఇళ్ల పనులు ఆపింది. ఇచ్చినవాళ్లకు తమ లెక్కలు, ఆపమన్నవాళ్లకు తమ లెక్కలు. సెంటు స్థలంలో బట్టలు ఆరేసుకోవాలని ఆశపడ్డ మనిషి లెక్క మాత్రం ఏ కాగితం మీదా తేలలేదు. ప్రభుత్వం మారింది. 2024లో కంప కొట్టారు. అక్టోబరు 24న ఎర్రుపాలెం నుంచి నంబూరు దాకా 57 కిలోమీటర్ల రైలు మార్గానికి, 2,245 కోట్లకు, కేంద్రం సరేనంది. 2025 మే 2న ప్రధాని మళ్లీ వచ్చి పనులు ప్రారంభించారు. సంతోషం, ఆ చుక్కలు కలవాలనే కోరుకుంటాను. కాకపోతే ఒక నగరం చచ్చి బతికిందని రాసే కథల్లో ప్రణాళిక ఉంటుంది, పట్టాలు ఉంటాయి, పెద్దల పేర్లుంటాయి. కంప కొట్టినవాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు.

ఇక మా వెంచరుకు వద్దాం. మేం నలభై మందిమీ మర్చిపోయిన ఆ చేను మెల్లగా బతికింది. మొదట గొర్రెలొచ్చాయి. పార్కు అని రాసిన చోట మంద ఆగింది. వాటి వెంట కాపరి కుటుంబం దిగింది. తరవాత ఊళ్లో అద్దెకు ఇల్లు దొరకని బుడగజంగాలు నాలుగు గుడారాలు వేశారు. కులం దాటి పెళ్లి చేసుకుని ఊరొదిలిన జంట ఒకటి క్లబ్బు హౌసు పునాది మీద రేకులు వేసుకుంది. సుగ్గి నుంచి తిరిగొచ్చేసరికి సొంత గోడ కూలిపోయినవాళ్లు ఇద్దరు ముగ్గురు. ఎప్పుడో చిన్నతనంలో దేవుడి పేరున బసివినిగా విడిస్తే, 1988లో చట్టం ఆ ఆచారాన్ని నేరమన్నాక కూడా ఊరు మాత్రం ఆ పేరుతోనే పిలుస్తూ వచ్చిన ఒక అవ్వ.

ఊరికి అక్కర్లేనివాళ్లంతా అక్కడ చేరి ఊరయ్యారు. ఆర్చి కింద ఆ జంట టీ బంకు పెట్టింది. టీకి లారీలు ఆగాయి. లారీలు ఆగితే బస్సు ఆగింది. ఇప్పుడు కండక్టరు ‘ఆర్చి, ఆర్చి దిగేవాళ్లు!’ అని అరుస్తాడు. ఏ సర్వే లేకుండా, ఏ కేంద్ర మంత్రీ చేతులు కట్టుకుని ఫొటో దిగకుండా, ఆ చేనికి స్టేజీ వచ్చేసింది.

సరిగ్గా అప్పుడే మా వాట్సాప్ గ్రూపు మేలుకుంది. పదమూడేళ్లలో ఒక్కనాడు గడ్డి పీకని ప్లాటు యజమానులకు ఒక్కసారిగా పౌరుషం వచ్చింది. ‘ఆక్రమణదారులు’ అని ఒకరు, ‘వెంచరు స్టాండర్డు పడిపోతోంది’ అని ఇంకొకరు. పడిపోవడానికి అది ఎప్పుడు నిలబడింది గనక! తాళం వేసుకుని పోయిన కంపెనీ కూడా కొత్త పేరుతో, కొత్త ఫోనుతో తిరిగొచ్చింది. ఇప్పుడు వాళ్ల బ్రోచర్లో ‘జనావాసం ఉన్న ప్రాంతం, బస్సు సౌకర్యం’ అని ఉంది. ఆ జనాన్ని లేపేశాకే రెండో విడత అమ్మకాలంట. మూడో పేజీ చూశాను. చుక్కల గీత అక్కడే ఉంది. ఇంజను మీద పొగ తీసేశారు. ఇప్పుడది వందేభారత్.

ఖాళీ చేయించే కాగితం మీద నా సంతకం కూడా కావాలన్నారు. ‘ఒకసారి స్థలం చూసుకుని రండి సార్, మీకే తెలుస్తాది’ అన్నారు. మొన్న ఆదివారం తెల్లవారుజామున పోయాను. నలభై ఏడో ప్లాటులో ఆ అవ్వ గుడిసె ఉంది. ముందు అలికి, చుక్కలు పెట్టి, ముగ్గు వేస్తోంది.

‘‘ఎవురు సామీ?’’ అంది తల ఎత్తకుండానే.

‘‘ఈ ప్లాటు నాదవ్వా.’’

‘‘అట్లనా. కూసో సామీ, టీ చెప్తా’’ అంది. కాసేపాగి, ‘‘రైలొస్తాదంట గదా. వచ్చేది నిజమేనా?’’

‘‘చెప్పలేమవ్వా. ఎందుకు?’’

‘‘వస్తే మమ్మల్ని లేపుతారు గదా. ముందుగాల చెప్తే ఇంకొక తావు చూసుకుంటాము.’’

ఇన్నేళ్లలో ఆ రైలును నిజంగా నమ్మిన మనిషి ఆమె ఒక్కతే. దాని వల్ల తనకేం జరుగుతుందో లెక్క వేసుకున్నదీ ఆమె ఒక్కతే. నా దగ్గర జవాబు లేదు. జేబులో సంతకం పెట్టాల్సిన కాగితం ఉంది, చేతిలో బ్రోచరు ఉంది. ఆమె వంగి ముగ్గు పూర్తి చేసింది. చివరి చుక్క మిగలకుండా కలిపి, చేతులు దులుపుకుని, ఆర్చి వైపు తిరిగి రెండు టీలు చెప్పింది.