నో సిగ్నల్ అభావ ప్రకరణం

పాత లాప్‌టాప్‌కు కొత్త 4కే మానిటర్ తగిలించిన గృహస్థుకు తొలి దర్శనమిచ్చేది ‘నో సిగ్నల్’. లేకపోవడాన్ని ఏడో పదార్థంగా లెక్కగట్టిన మన అన్నంభట్టు తర్కసంగ్రహంలో అభావాన్ని నాలుగు రకాలుగా విడగొట్టి పెట్టాడు. మానిటర్ చూడకుండానే ఇంత పని చేశాడంటే మహానుభావుడే.

కేబుల్ పెట్టకముందు ఉన్నది ప్రాగభావం. పెట్టగానే పోతుంది, చర్చ అనవసరం. బొమ్మ వచ్చాక పోతే ప్రధ్వంసాభావం. వదులు పిన్నుకు చీపురు తగిలినా చాలు.

అన్యోన్యాభావం కొంచెం సూక్ష్మం. ఘటం పటం కాదని శాస్త్రం, హెచ్‌డీఎంఐ 1 హెచ్‌డీఎంఐ 2 కాదని అనుభవం. కేబుల్ ఒకదాంట్లో ఉంటుంది, మానిటర్ మెనూ రెండోదాన్ని చూస్తుంటుంది. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే మామూలు కేబుల్‌ను తిరగేసి వాడేవారూ ఈ కోవలోకే వస్తారు. అది ఒకవైపే నడుస్తుంది.

ఇక అత్యంతాభావం, మూడు కాలాల్లోనూ లేనిది. గాలికి రూపం లేనట్టే హెచ్‌డీఎంఐ 1.4 పోర్టుకు పూర్తి రంగుల 4కే 60 హెర్ట్జ్ లేదు. ఉపపత్తి: 3840ని 2160తో గుణిస్తే 82,94,400 చుక్కలు. చుక్కకు 24 బిట్లు, సెకనుకు 60 సార్లు, వెరసి దాదాపు 12 గిగాబిట్లు. 2009 నాటి ఆ ప్రమాణం మోసేది 10.2, అందులో ఐదో వంతు కోడింగ్ ఖర్చుకే పోగా దక్కేది 8.16. అందుకే 30 హెర్ట్జ్‌తో సరిపెడుతుంది.

‘‘4కే వచ్చిందిగా సార్!’’ అని పూర్వపక్షం. పూర్వపక్షి సాధారణంగా దుకాణంలో ఉంటాడు. మౌస్ కదిపి చూడమనండి. బాణం ఈడ్చుకుంటూ రావడమే పొగ, 30 హెర్ట్జే నిప్పు. ఖరీదైన కేబుల్ కొనమని ఆయన రెండో వాదం. పోర్టే 1.4 అయినప్పుడు కేబుల్‌కు బంగారు పూత పూయించినా ఒక్క బిట్టు అదనంగా పోదు.

సిద్ధాంతం: లాప్‌టాప్ పక్కన మినీ డిస్‌ప్లేపోర్ట్ ఉందేమో వెతకాలి. 2013లో వచ్చిన ఇంటెల్ నాలుగో తరం చిప్పుల్లో చాలావాటికి హెచ్‌డీఎంఐ 1.4 దగ్గరే ఆగినా డిస్‌ప్లేపోర్ట్ 1.2 ఉంది, వాటిలో కొన్నింట దాని మీద 4కే 60 హాయిగా నడుస్తుంది. ఆ పోర్టు లేనివారు 2560×1440కి దిగి 60 హెర్ట్జ్ పెట్టుకోవడం మేలు. అక్షరాల నునుపు కాస్త తగ్గుతుంది, చేతికి మాత్రం ప్రాణం లేచొస్తుంది. కొత్త లాప్‌టాప్ కోసం బయల్దేరేముందు డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఈ అంకెలు ఒక్కసారి మార్చి చూడండి.