అమ్మనా, మాననా?

బెంగళూరు నగర్తపేటలో ధర్మరాయస్వామి గుడికి కూతవేటు దూరమున నివసించు ఒక యువకుడు, తన గ్రూవ్‌బాక్సను సంగీతయంత్రమును అమ్మవలెనా, ఉంచుకొనవలెనా యను సంకటమున పడి, తీర్పును ఆ స్వామికే విడిచిపెట్టినాడు. ఆ స్వామి యొకప్పుడు ఇంటి సొత్తంతయు పాచికలపై ఒడ్డినవాడని అతనికెవరును గుర్తుచేయలేదు కాబోలు.

పదునాఱు మీటల ఆ యంత్రమున, కొన్ననాటినుండి పల్లవి యొకటి గిరగిర తిరుగుచునే యున్నది గాని, చరణము పుట్టలేదు. అమ్మకమునకై దుమ్ము తుడిచి, ఫొటో తీయుటకు స్విచ్చి వేయగా, మీటలు ఎఱ్ఱగా మెఱయును, మనసు మాఱును. మాఱిన మనసు భోజనమువేళ వఱకు నిలుచును. పిమ్మట యంత్రము మరల బీరువాపైకి చేరును. "ఇల్లసలే ఇరుకురా నాయనా" అని తల్లి గొణుగుడు.

అతని వాదము మాత్రము చరిత్రసహితము. రోలండ్ వారి టీబీ-303 అను సంగీతపు పెట్టె తయారీ కొనువారు లేక 1984లో ఆగిపోగా, పాతసామానుగా చౌకకు దొరకిన దానితోడనే 1987లో చికాగో కుఱ్ఱవాండ్రు ఆసిడ్ హౌస్ సంగీతమునకు ఊపిరి పోసిరి, వెల ఆకాశమునంటినది. అంతకు మున్నే, 1982లో, చరణ్‌జిత్ సింగ్ అను వాద్యకారుడు దానినిగూడ వాడి పది రాగములు పలికించి రికార్డు చేసెను. నిజమే, కాని వారందఱును వాయించిరి.

కడకు సదర్ పత్రప్ప రోడ్డు దుకాణమున వెల కట్టించి, "ఇంత తక్కువా!" అని అలిగి వెనుదిరుగుచు, అదే వెలకు అచ్చట మఱొకటి కనబడగా, "ఇంత చౌకా!" అని దానినిగూడ కొని తెచ్చినాడు.