సీరియల్ అభిమాన రచయిత్రి: స్వరూప స్వభావాలు

సీరియల్ అభిమాన రచయిత్రి సీరియల్ చూసే మనిషి కాదు, దిద్దే మనిషి. చూసేవాళ్ళు ఇంటింటా ఉంటారు. వాళ్ళు విలన్‌ని నాలుగు తిట్టి, టీవీ కట్టేసి, కంచం కడిగి పడుకుంటారు. ఈమె పని అప్పుడు మొదలవుతుంది. దోసెల పిండికి మూతపెట్టి, గ్యాసు కట్టేసి, పిల్లలు నిద్రపోయారో లేదో రెండుసార్లు చూసుకుని, దుప్పట్లో ఫోను వెలిగించి, ఆ రోజు ఎపిసోడ్‌లో జరిగిన అన్యాయాన్ని రెండు బొటనవేళ్ళతో సరిచేస్తుంది. ఈ జాతిలో కాలేజీ పిల్లలున్నారు, బ్యాంకు ఉద్యోగినులున్నారు, డల్లాస్‌లో ఉండి ఇండియా టైముకి అలారం పెట్టుకునేవాళ్ళున్నారు. మగవాళ్ళూ ఉన్నారు గానీ, సీరియల్ చూస్తామనే ఒప్పుకోరు కనక లెక్కకు అందరు.

ఈమె పుట్టుకకు కారణం సీరియల్ నిర్మాణంలోనే ఉంది. డైలీ సీరియల్ వారానికి ఐదారు రోజులు, అరగంట చొప్పున, ఏళ్ళ తరబడి నడవాలి. ఒక సినిమాకు సరిపడే కథను నాలుగేళ్ళు లాగాలంటే ఒకటే మార్గం: ఒక్క ముక్క చెబితే తీరిపోయే అపార్థాన్ని, ఆ ముక్క ఎవరూ చెప్పకుండా కాపాడటం. చెప్పబోయేసరికి ఫోను మోగుతుంది. మోగకపోతే కళ్ళు తిరిగి పడిపోతారు. అదీ కాకపోతే గుమ్మం పక్కన విలన్ నిలబడి ఉంటుంది. చెంపదెబ్బ ఒకటే, కానీ మూడు వైపుల నుంచి మూడుసార్లు పడుతుంది. ఆ తర్వాత గదిలో ఉన్న ప్రతి మొహమూ వరస తప్పకుండా ఉలిక్కిపడుతుంది. 'కార్తీకదీపం' 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా నడిచింది. కట్టుకున్న దీపను అనుమానించే కార్తీక్ స్వయానా డాక్టరు. ఒక్క డీఎన్‌ఏ పరీక్షతో పోయేదానికి ఇన్నేళ్ళా అని ఊరంతా జోకులేసుకుంది. జోకుతో సరిపెట్టుకున్నవాడు ప్రేక్షకుడు. ఆ పరీక్ష తానే చేయించి, రిపోర్టు డాక్టర్ బాబు చేతిలో పెట్టి, అతనిచేత వంటలక్క దీపకు క్షమాపణ చెప్పించినామె రచయిత్రి.

ఈ పంట దండిగా పండిన నేల 'గుప్పెడంత మనసు'. బెంగాలీ 'మొహర్' ఆధారంగా వచ్చిన ఈ సీరియల్ స్టార్ మాలో 2020 డిసెంబరులో మొదలైంది. కాలేజీ నడిపే రిషి, అక్కడ చదువుకునే వసుధార. ఇద్దరి పేర్లూ అతికించి అభిమానులు 'రిషిధార' అన్నారు. ఈ అతుకు పేరు ఈ లోకంలో ఇంటిపేరు లాంటిది. అది లేనిదే కథకు గడప దాటే అర్హత లేదు. వసుధార రిషిని 'సార్' అంటుంది. ప్రేమించినా సార్, అలిగినా సార్, తాళి పడ్డాకా సార్. ఆ ఒక్క పిలుపు చుట్టూ రాసిన కథలు గుట్టలుగా ఉన్నాయి. పేరు పెట్టి పిలిపించాలని ఒక వర్గం, సార్ అంటేనే అందమని ఒక వర్గం, మధ్యేమార్గంగా 'ఏవండీ' అని మూడో వర్గం. మూడో వర్గాన్ని మిగతా రెండూ దగ్గరకు రానివ్వవు. రిషి కొన్నాళ్ళు తెర మీంచి మాయమైపోయి, తర్వాత రంగా అనే ఆటోడ్రైవర్‌గా తిరిగొచ్చాడు. మధ్యలో ఆ నెలలన్నీ రిషి బతికింది వీళ్ళ ఫోన్లలోనే.

కథలో ఈమెకు వచ్చే సాధారణ జబ్బు ఒకటుంది. ఐదో భాగంలో కాలేజీకి కొత్త లెక్చరర్ వస్తుంది. రచయిత్రి కళ్ళజోడే ఆమెకూ ఉంటుంది, రచయిత్రి ఊరే ఆమెదీ. గోంగూర పచ్చడి అద్భుతంగా చేస్తుంది. వచ్చిన వారంలో విలన్ దేవయాని కుట్ర బయటపెట్టి, రిషిని తల్లితో కలిపి, అతనికి బుద్ధి చెబుతుంది. ఈ జబ్బుకు అమెరికాలో 1973లోనే పేరు పెట్టారు. 'స్టార్ ట్రెక్' సీరియల్ అభిమానుల కథల్లో ఇలాంటి సర్వగుణ సంపన్నురాళ్ళు మితిమీరిపోతే, పౌలా స్మిత్ ఒక చిన్న వెక్కిరింపు కథ రాసి, పదిహేనున్నర ఏళ్ళకే లెఫ్టినెంట్ అయిపోయిన అందులోని అమ్మాయికి మేరీ సూ అని పేరు పెట్టింది. పేరు నిలిచింది, జబ్బు కూడా నిలిచింది.

కథ రాని రోజు ఎడిట్ చేస్తుంది. కైన్‌మాస్టర్‌లోనో ఇన్‌షాట్‌లోనో అరనిమిషం ముక్క. రిషి తలెత్తడం, వసుధార తల దించడం, రెంటినీ నెమ్మది చేసి, వెనక ఏదో సినిమా పాట వేసి, పైన వాన కురిపిస్తుంది. అసలు సన్నివేశంలో వాళ్ళు మాట్లాడుకున్నది కాలేజీ ఫైళ్ళ గురించి. ఫ్రేము మూలలో దేవయాని మోచెయ్యి ఉంటే దాన్ని కత్తిరించడానికి ఒక రాత్రి పడుతుంది. బొమ్మలేసేవాళ్ళది మరో బాధ. కళ్ళు, కనుబొమలు ఫొటోను మించి వస్తాయి. చేతివేళ్ళు మాత్రం రావు. అందుకే వీళ్ళ పెన్సిల్ బొమ్మల్లో హీరో చేతులు ఎప్పుడూ జేబుల్లో ఉంటాయి, హీరోయిన్ పుస్తకాన్ని గుండెలకు హత్తుకుని ఉంటుంది.

ఈ పని కొత్తదని అనుకునేవాళ్ళు ఇంట్లో అమ్మమ్మను అడగాలి. పద్నాలుగేళ్ళు వనవాసం చేసినవాళ్ళ కథ వాల్మీకి రాశాడు. ఇంట్లో మిగిలిపోయిన ఊర్మిళ సంగతేమిటని అడిగినవాళ్ళు తెలుగు ఆడవాళ్ళు. ఆ పద్నాలుగేళ్ళూ ఆమెను నిద్రపుచ్చి 'ఊర్మిళాదేవి నిద్ర' పాట కట్టారు. శశిరేఖ వ్యాస భారతంలో లేదు. అయినా 1957లో 'మాయాబజార్' వచ్చాక ఆమె లేదంటే నమ్మేవాడు లేడు. అభిమాన రచయిత్రి వీళ్ళకు మునిమనవరాలు, అంతే. సముద్రాలవతలా చుట్టాలున్నారు. 'స్టార్ ట్రెక్' 1966లో మొదలైతే, మరుసటి ఏడాదికే 'స్పాకనేలియా' పేరుతో అభిమానుల పత్రిక వచ్చేసింది. 'చూపులు కలిసిన శుభవేళ'గా తెలుగులోకి అనువాదమైన హిందీ సీరియల్ 2012లో ఆగిపోయినా, అందులోని అర్ణవ్‌, ఖుషీల కాపురాన్ని అభిమానులు ఆపనివ్వలేదు. ఇలాంటి కథలన్నీ దాచిపెట్టే వెబ్‌సైటు ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్‌కి 2019లో హ్యూగో పురస్కారం కూడా వచ్చింది. ఈ వార్త అత్తగారికి చెప్పి ప్రయోజనం లేదు.

ఇంట్లో ఈమె రహస్యం భర్తకు తప్ప ఎవరికీ తెలియదు. రాత్రిళ్ళు ఫోను చూసి నవ్వుకుంటుంటే భర్త మొదట అనుమానిస్తాడు, తర్వాత ఒక భాగం చదువుతాడు, ఆ తర్వాత అనుమానమే నయమనుకుంటాడు. పాఠకులు మాత్రం నమ్మకస్థులు. 'అక్కా, నెక్స్ట్ పార్ట్ ఎప్పుడు?' అని పొద్దున్నే అడుగుతారు. ఇక్కడే ఆమె స్వభావం తిరగబడుతుంది. మొదటి కథలో పదకొండు పేరాల్లో పెళ్లి చేసేసిన మనిషి, అడిగేవాళ్ళు వందమంది అయ్యేసరికి నిదానం నేర్చుకుంటుంది. ఇరవయ్యో భాగంలో రిషి నోరు తెరవబోతుంటే ఫోను మోగుతుంది. ముప్ఫయ్యో భాగంలో వసుధార కళ్ళు తిరిగి పడుతుంది. నలభయ్యో భాగం గుమ్మం పక్కన ఎవరిదో నీడ దగ్గర ఆగుతుంది. సాగదీస్తున్నావని ఎవరైనా అంటే చాలా నొచ్చుకుంటుంది. పాత్రల మనసు అర్థం కావడానికి టైము పడుతుందంటుంది. సీరియల్ రచయిత కూడా ఈ మాటే అన్నప్పుడు తాను ఏం తిట్టిందో ఆమెకు గుర్తుండదు.

'గుప్పెడంత మనసు' 2024 ఆగస్టు ఆఖరున ముగిసింది. ఆమె కథలో వసుధార ఇప్పటికీ సార్ అనే పిలుస్తోంది. నూట పన్నెండో భాగం శనివారం వస్తుందట.