ఫోనింటర్వ్యూ సార్వభౌములకు సన్మాన పత్రం

మహారాజశ్రీ, ఉద్యోగప్రదాన ధురంధరులు, బెంగుళూరు అద్దాల మేడలో కొలువుదీరిన మానవ వనరుల మహాధికారి గారి దివ్య సముఖమునకు, తమిళనాడులోని నాట్రంపల్లి వాసులం వినయంగా సమర్పించుకుంటున్న సన్మాన పత్రం.

ఉదయం పదకొండుకు ఫోను చేస్తామని సెలవిచ్చి సాయంత్రం నాలుగున్నరకు చేసిన కాలాతీతులు మీరు. గడియారానికి ఊడిగం చేసే అల్పులకు ఆ స్వాతంత్ర్యం ఎక్కడిది? ఆ ఐదున్నర గంటలూ మా పక్కింటి బి.కాం. కుర్రవాడు మెతుకు ముట్టలేదు. అడగకుండానే అంతటి ఉపవాస పుణ్యం కట్టబెట్టిన దాతృత్వం మీకే చెల్లు.

ఆ పామరుడి సన్నాహం వింటే తమకు జాలి కలుగుతుంది. రాత్రే ఫోను నిండా ఛార్జి పెట్టాడు. బయోడేటా ప్రింటు తీసి ఎదుట పరుచుకున్నాడు. చెన్నై–బెంగుళూరు హైవే లారీల హారన్లు చొరబడని వెనకగదిలో, సిగ్నలు నిలిచే కిటికీ పక్కన కుర్చీ వేసుకున్నాడు. ఫ్యాను ఆపాడు. వాళ్లమ్మ ఆ పూటకు మిక్సీ జోలికే పోలేదు. మీ కంపెనీ ఏం అమ్ముతుందో చదివాడు, జీఎస్టీ పాఠం మళ్లీ తిరగేశాడు, తాను అడగవలసిన రెండు ప్రశ్నలూ రాసుకున్నాడు. మా రాష్ట్రపు బడుల్లో తమిళం తప్పనిసరి చేసిన 2006 చట్టం తర్వాత బడిలో చేరినవాడు; ఇంట్లో తెలుగు మాటే గానీ రాత అబ్బలేదు. అందుకని జవాబులను అమ్మకు తెలుగులో చెప్పి చూసుకుని, వాటి ఇంగ్లీషు ముక్కలను తమిళ అక్షరాల్లో రాసి గోడకు అంటించుకున్నాడు.

ఇంత ప్రయాస తమబోటి పుట్టు జ్ఞానులకు దేనికి? బయోడేటా తెరవకుండానే మనిషిని తూచగల అపఠిత సర్వజ్ఞులు మీరు. లెక్కల ఉద్యోగానికి వచ్చినవాణ్ణి "కోడింగ్ ఏమేం వచ్చు?" అని అడిగిన మీ విశాల దృష్టికి ఖాతా పుస్తకాల గట్లు అడ్డమా? నడుమ ఎట్టకేలకు ఆ కాగితాన్ని కటాక్షించి, "ఒకచోట వేలూరు జిల్లా, ఇంకొకచోట తిరుపత్తూరు జిల్లా, ఇందులో ఏది అబద్ధం?" అని గద్దించిన సత్యశోధకులు మీరు. 2019లో వేలూరును చీల్చి తిరుపత్తూరు, రాణిపేట జిల్లాలు ఏర్పరచిన వార్త తమ నిర్మల చిత్తాన్ని మలినపరచకపోవడం మా భాగ్యం. తెలుగు, తమిళం, ఇంగ్లీషు వచ్చునన్నవాణ్ణి "హిందీ రాదా?" అని నిట్టూర్చిన బహుభాషా ప్రియులు, అతడు జవాబు చెబుతున్నంతసేపూ కీబోర్డు మీద వేరెవరికో ఉత్తరం కొడుతూ ఏకకాలంలో ఇద్దరిని అనుగ్రహించిన అవధాన శేఖరులు మీరు.

"ఎంత జీతం ఆశిస్తున్నావు?" అని అతడి మనసు విప్పించి, ఎంత ఇస్తారో మాత్రం గుప్తనిధిలా కాపాడిన మీ నిగ్రహాన్ని ఎంతని పొగడగలం! "నువ్వేమైనా అడగాలా?" అన్న ఔదార్యం వెనువెంటనే ఫోను పెట్టేయడంతో, రాసుకున్న ఆ రెండు ప్రశ్నలకూ తమ పెదవులను కష్టపెట్టే పాపం తప్పింది. "మేమే తెలియజేస్తాం" అన్న వరానికి తేదీ జోడించి దాని మహిమ తగ్గించలేదు. నెలలు గడిచినా ఒక్క ముక్క రాకపోవడం చూస్తే, కాదన్న కఠినమైన మాట ఆ సుకుమార హృదయం నుంచి వెలువడదని తెలిసింది.

ఇంతటి విద్య తమతోనే ఆగిపోరాదు. తమ అడుగుజాడల్లో నడిచే శిష్యకోటి వర్ధిల్లాలి. రేపు తమ పదోన్నతికి జరిగే ఇంటర్వ్యూ కూడా ఫోనులోనే జరగాలి. తమ చేతుల మీదుగా తయారైన శిష్యోత్తముడే ఆవలి పక్కన కూర్చుని, నేర్చిన విద్యలో ఒక్క అక్షరం పొల్లుపోకుండా తమరిని పరీక్షించాలని నాట్రంపల్లి మనసారా దీవిస్తోంది.